పాత చేతిగడియారము: వెల, విలువ

ఒకప్పుడు మన పల్లెలలో పెండ్లిమాటలు జరుగునపుడు వరునికిచ్చు కానుకలలో మూడు వస్తువుల పేర్లు తప్పక వినిపించెడివి. సైకిలు, రేడియో, చేతిగడియారము. సైకిలు త్రుప్పుపట్టి పోయినది. రేడియో రూపము మార్చుకొన్నది. చేతిగడియారము మాత్రము పెక్కు ఇండ్లలో నేటికిని బీరువా అరలో, పాత రసీదుల నడుమ, ఏదో యొక గంటకడ ఆగిపోయి పడియున్నది.

కామారెడ్డి, ఎల్లారెడ్డి ప్రాంతములలో ఇట్టి గడియారములకు మరియొక చరిత్ర కూడ కలదు. 1970వ దశకమునుండి పూర్వపు నిజామాబాదు జిల్లాలోని పల్లెలనుండి వేలాదిమంది దుబాయి, మస్కటు, కువైటు, సౌదీ అరేబియాలకు కూలికై తరలిపోయిరి. సెలవుపై తిరిగివచ్చినపుడు వారి పెట్టెలో టేపురికార్డరు, అత్తరుసీసా, కంబళి, వానితోపాటు చేతికొక రాడో గడియారమో, సీకో గడియారమో ఉండెడిది. ఎండలో మోసిన ఇటుకల కూలి ఆ చిన్న లోహపు బిళ్ళలో దాగియుండెడిది. 2016 అక్టోబరు 11వ తేదీన కామారెడ్డి ప్రత్యేక జిల్లాయైనది. ఎల్లారెడ్డి అందు చేరినది. తెచ్చినవారిలో కొందరు నేడు లేరు. వారి బిడ్డల చేతికి ఆ గడియారములు వచ్చినవి. అమ్ముదమా, ఉంచుకొందమా, అసలు దీని ఖరీదెంత అని వారు విచారించుచున్నారు.

ఈ విచారణలో రెండు విధముల నష్టము కలుగుచున్నది. వెలగల వస్తువును పాత ఇనుము ధరకు ఇచ్చివేయుట మొదటిది. వెలలేని వస్తువును అప్పుచేసి కొనుట రెండవది. ఈ రెండింటినుండి కాపాడుకొనుటకు కావలసిన తెలివిని నేటి ప్రసంగములో సాధ్యమైనంత సులభముగా మనవి చేసెదను.

ముందుగా గడియారము లోపల ఏమున్నదో తెలియవలెను. చేతిగడియారములు స్థూలముగా మూడు రకములు. మొదటిది రోజునకొకమారు చాబీ త్రిప్పవలసినది. అందొక చుట్టిన కమాను ఉండును. అది మెల్లగా విప్పుకొనుచు చక్రములను నడిపించును. బ్యాలెన్సు చక్రము అటునిటు ఊగుచు ఆ నడకకు తాళము వేయును. రెండవది ఆటోమాటిక్ గడియారము. యంత్రము అదియే, కాని లోపలి అర్ధచంద్రాకారపు తూకపుబిళ్ళ మన చేయి కదలినపుడెల్ల తిరిగి తానే చాబీ ఇచ్చుకొనును. మూడవది బ్యాటరీతో నడచు క్వార్ట్జ్ గడియారము. 1969 డిసెంబరులో జపానుదేశపు సీకో సంస్థ అట్టి చేతిగడియారమును మొదట అంగడికి తెచ్చినది. నేడు సామాన్యముగా వాడుకలోనున్న క్వార్ట్జ్ గడియారములలో స్ఫటికపు ముక్క సెకనునకు 32,768 మారులు కంపించును.

కాలము చెప్పుటలో క్వార్ట్జ్ గడియారమే మేలు. వందల రూపాయల క్వార్ట్జ్ గడియారము లక్షల రూపాయల చాబీ గడియారముకన్న సరిగా నడచును. మరి జనులు చాబీ గడియారమునకు అంత వెల యేల ఇచ్చుచున్నారు? పనితనమునకు, పేరునకు, అరుదుతనమునకు, చరిత్రకు వారు ఆ వెల ఇచ్చుచున్నారు. ఈ సంగతి గ్రహించినగాని పాత గడియారముల బేరము అర్థము కాదు.

మన దేశపు గడియారమునే తీసికొందము. హిందూస్థాన్ మెషిన్ టూల్స్ సంస్థ 1961లో జపానుదేశపు సిటిజన్ సంస్థ సహకారముతో బెంగుళూరులో గడియారముల కర్మాగారమును నెలకొల్పినది. అందుండి వెలువడిన జనతా, పైలట్, కోహినూరు వంటి గడియారములు ఉపాధ్యాయుని చేతికిని, రైల్వే ఉద్యోగి చేతికిని అలంకారములైనవి. 1980వ దశకపు చివర హోసూరులోని టైటాన్ క్వార్ట్జ్ గడియారములు వచ్చినపిదప వాని ప్రాభవము తగ్గినది. 2016లో కేంద్రప్రభుత్వము హెచ్.ఎం.టి. గడియారముల సంస్థను మూసివేయుటకు నిర్ణయించినది. ఆ వార్తతో అంతవరకు ఎవరును పట్టించుకొనని జనతా గడియారమును వెదకి కొనువారు బయలుదేరిరి. యంత్రము మారలేదు; కొరత ఏర్పడినది, జ్ఞాపకము మేల్కొన్నది. అంతమాత్రమున ప్రతి హెచ్.ఎం.టి. గడియారమును నిధియని భ్రమింపరాదు. లక్షలకొలది తయారైన వస్తువు అది. మంచి స్థితిలోనున్న దానికి మాత్రమే మంచి ధర వచ్చును.

ఇక అపోహల సంగతి. డయలుపై పదునేడు రాళ్ళని వ్రాసియున్నదని, లోపల కెంపులున్నవని కొందరు ఆశపడుదురు. నిజమే, అవి కెంపులే. కాని కర్మాగారములో చేసిన కృత్రిమపు కెంపులు. చక్రముల ఇరుసులు అరుగకుండుటకై వానిని అమర్చుదురు. విడదీసి అమ్మబోయిన వానికి చిల్లర కూడ రాదు. ఇరువదియైదు రాళ్ళ గడియారము పదునేడు రాళ్ళ గడియారముకన్న తప్పక గొప్పదనియు చెప్పరాదు.

రెండవ అపోహ పసిడిరంగు. పాత గడియారములు పెక్కింటికి పైన బంగారుపూత మాత్రమే యుండును. ఇరువది మైక్రాన్లు అని చెక్కియున్నచో అది పూత మందము. వెనుకమూతపై స్టెయిన్‌లెస్ స్టీల్ అని యున్నచో కనీసము ఆ మూత ఉక్కుదే. పదునెనిమిది క్యారెట్ల బంగారు గడియారముపై సాధారణముగా 750 అను అంకెయు, పరీక్షాముద్రయు ఉండును. ముద్ర కూడ నకిలీ కావచ్చును. కావున కంసాలిచేత పరీక్షింపజేయుట మంచిది.

మూడవది, పాతదైనచో ప్రియమగునను నమ్మకము. వయస్సొక్కటే వెల తేదు. స్విట్జర్లాండునుండి వచ్చిన పేరులేని పాత గడియారములు గంపలకొలదిగా దొరకుచున్నవి. వెలను నిర్ణయించునవి అయిదు: చేసిన సంస్థ, నమూనా, భాగముల అసలుదనము, ప్రస్తుత స్థితి, వెంటనున్న కాగితములు. వీనికి తోడు ఆ నమూనాను కోరువారు ఎందరున్నారన్నది కూడ ముఖ్యము. కొత్త గడియారము అంగడి దాటగనే వెల తగ్గుట సామాన్యము. రోలెక్సు, పటేక్ ఫిలిప్ వంటి కొలదిపాటి సంస్థల కొన్ని నమూనాలు మాత్రమే కొన్న వెలను మించి అమ్ముడుపోవును. పొదుపు చేసిన సొమ్మును గడియారములలో పెట్టి లాభము పొందుదమనువారు ఈ మాటను గుర్తుంచుకొనవలెను.

చరిత్ర వెలను ఎట్లు పెంచునో ఒక ఉదాహరణము. అమెరికా చలనచిత్ర నటుడు పాల్ న్యూమన్ ధరించిన రోలెక్సు డేటోనా గడియారము 2017 అక్టోబరులో న్యూయార్కు వేలములో 1 కోటి 77 లక్షల డాలర్లకు పైగా పలికినది. అదే కాలపు అట్టి గడియారములు ఇంకను కలవు. వానికి ఆ ధర రాదు. ఇది ఆయన చేతిదే యను రుజువునకు ఆ ధర వచ్చినది. రుజువు లేని కథకు వెల లేదు. మా తాతకు జాగీరుదారు బహూకరించెనను మాట వినసొంపుగా నుండవచ్చును గాని, పాత ఛాయాచిత్రమో రసీదో లేనియెడల కొనువాడు దానికి పైకము చెల్లింపడు.

ఇప్పుడు కొనువారికి కొన్ని సూచనలు. కామారెడ్డి బెల్లపు అంగడిలో దిమ్మను పైరంగు చూచి కొనువాడుండడు. ముక్క విరిచి, రుచి చూచి, ఇసుక తగులునేమో పరీక్షించి బేరమాడును. గడియారముకడ కూడ ఆ జాగ్రత్తయే కావలెను. రుచి చూచుటకు వీలులేదు గాని మూత తీయించి చూచుటకు వీలు కలదు. నమ్మకమైన గడీసాజు ఎదుట మూత తీయుటకు అమ్మువాడు ఒప్పుకొననిచో ఆ బేరమును అంతటితో విడుచుట మేలు.

మొదట డయలు చూడుడు. మన దేశములో పాత గడియారముల డయలును గీకి, కొత్తరంగులు వేసి, కొత్త అక్షరములు అచ్చొత్తి అమ్ముట చిరకాలముగా సాగుచున్నది. విదేశపు సేకర్తలు వీనిని బొంబాయి గడియారములని పిలుచుచు దూరముగా నుండుచున్నారు. సంస్థ యెన్నడును వేయని ముదురు నారింజ, చిలుకపచ్చ రంగులు, అంచులు చెదిరిన అక్షరములు, గంటగుర్తులకు సరిపడని ముండ్లు కనబడినచో అనుమానింపవలెను. ముఖము మెరయుచు కేసు అరిగియున్నచో ఆ ముఖము తరువాత వచ్చినదే.

చీకటిలో వెలుగు చుక్కలు కూడ సాక్ష్యము చెప్పును. 1960వ దశకమువరకు పెక్కు గడియారములలో రేడియము వాడిరి. పిదప ట్రీషియము వచ్చినది. 1990వ దశకపు చివరనుండి రేడియోధార్మికత లేని పదార్థము వాడుకలోనికి వచ్చినది. పాత చుక్కలు ఇన్ని యేండ్లలో కాంతిని కోల్పోయి యుండవలెను. 1965 నాటిదని చెప్పబడు గడియారపు చుక్కలు రాత్రియంతయు వెలుగుచున్నచో వానిని మరల పూసిరన్నమాట. ఈ సందర్భములో ఒక హెచ్చరిక. రేడియము వెలుగు తగ్గినను దాని కిరణములు తగ్గవు. అట్టి డయలును ఇంటిలో విప్పి గోళ్ళతో గీకరాదు. పిల్లలకు ఆటవస్తువుగా ఇయ్యరాదు.

మన ప్రాంతములో విరివిగా కనబడు రెండు పేర్ల సంగతి ప్రత్యేకముగా చెప్పవలెను. సీకో గడియారము వెనుకమూతపై రెండు విధముల అంకెలుండును. ఒకటి యంత్రపు సంఖ్య, ఉదాహరణకు 7009. లోపలి యంత్రముపై కూడ అదియే యుండవలెను. రెండవది వరుస సంఖ్య. అందు మొదటి అంకె సంవత్సరపు చివరి అంకె, రెండవది నెల. అక్టోబరునకు సున్న, నవంబరునకు ఎన్, డిసెంబరునకు డి అను గుర్తులుండును. 84తో మొదలైనచో అది 1978 ఏప్రిలుదో, 1988 ఏప్రిలుదో కావచ్చును. ఏ దశకమన్నది యంత్రమునుబట్టి తేలును. 7ఎస్26 అను యంత్రము 1996లో వచ్చినది. దానిని చూపి 1985లో మా నాయన తెచ్చెనని ఎవరైన చెప్పినచో కథ పొసగదు.

రాడో డయాస్టార్ 1962లో వెలువడినది. టంగ్‌స్టన్ కార్బైడు అను మిక్కిలి గట్టి పదార్థముతో దాని పైకేసు చేయుదురు. అద్దము కృత్రిమ నీలమణితో చేయుదురు. గీతలు పడకుండుట దాని ప్రసిద్ధి. కాని గట్టిది పెళుసుగా నుండును. బండపై పడినచో పగులవచ్చును. ఆటోమాటిక్ రాడో డయలుపై చిన్న లంగరు గుర్తు స్వేచ్ఛగా ఊగుచుండును. నకిలీలలో అది అతికింపబడి కదలకుండుట కలదు. అసలుదానిలో కూడ నూనె ఎండినచో లంగరు నిలిచిపోవచ్చును. క్వార్ట్జ్ రాడోలలో అది కదలదు. కావున ఈ యొక్క గుర్తుతోనే తీర్పు చెప్పరాదు. గల్ఫు బజారులలో అసలువానితోపాటు నకిలీలును అమ్ముడుపోయినవి. దుబాయినుండి వచ్చినదను మాట అసలుదనమునకు సాక్ష్యము కాజాలదు.

ఆటోమాటిక్ రోలెక్సు అని చెప్పి చూపిన గడియారములో సెకన్ల ముల్లు సెకనునకొకమారు గెంతుచున్నచో లోపల క్వార్ట్జ్ యంత్రము ఉన్నట్లే. నేటి రోలెక్సులలో పెక్కింటి ముల్లు సెకనునకు ఎనిమిది చిన్న అడుగులు వేయును. కంటికి జారుచున్నట్లు కనబడును. అట్లు జారినంతమాత్రమున అసలుదని కూడ అనరాదు. నేటి నకిలీలు లోపల మంచి ఆటోమాటిక్ యంత్రమునే పెట్టుకొని వచ్చుచున్నవి. లక్షల వెలగల గడియారమును ఆ సంస్థ సేవాకేంద్రములోనో, పాత గడియారముల వ్యాపారము బహిరంగముగా చేయు పెద్ద అంగడిలోనో పరీక్షింపజేయకుండ కొనరాదు.

నడకను పరీక్షించుటకు రేడియో శ్రోతలకు సులభమైన మార్గమొకటి కలదు. చాబీ పూర్తిగా ఇచ్చి, సాయంకాలపు వార్తలకు ముందు చెప్పు సమయమునకు గడియారమును సరిచేయుడు. మరునాడు అదే వార్తలవేళ, అదే రేడియోపై విని, తేడా చూడుడు. చరవాణిలో వినునపుడు ధ్వని కొన్ని సెకన్లు ఆలస్యముగా వచ్చును. కావున రెండు రోజులును ఒకే విధముగా వినవలెను. దినమునకు 86,400 సెకన్లు. స్విస్ క్రోనోమీటరు పరీక్షలో దినమునకు సగటున 4 సెకన్ల వెనుకబాటు మొదలు 6 సెకన్ల ముందడుగు వరకు అనుమతింతురు. పాత చాబీ గడియారము అరనిమిషము తప్పినను పదివేల పాళ్ళలో మూడున్నర పాళ్ళ తప్పు మాత్రమే చేసినది. నిమిషములకొలది తేడా వచ్చినచో మరమ్మతు కర్చును వెలనుండి తగ్గించి బేరమాడవలెను.

అకస్మాత్తుగా గడియారము చాల ముందునకు పోవుచున్నచో అయస్కాంతము సోకియుండవచ్చును. సన్నని కమాను చుట్లు ఒకదానికొకటి అంటుకొని వేగము పెరుగును. రేడియో లౌడుస్పీకరులో అయస్కాంతము కలదు. దానికి చేరువగా గడియారమును పెట్టు అలవాటు మానుకొనవలెను. గడీసాజు కొన్ని క్షణములలో ఈ దోషమును పోగొట్టగలడు.

ఇక అమ్మువారికి కొన్ని మాటలు. అమ్మబోవు ముందు మెరుగుపెట్టింపకుడు. చూచి రమ్మన్న కాల్చి వచ్చినట్లు, దుమ్ము తుడువుమని ఇచ్చిన గడియారము కొత్తరంగు వేసికొని వచ్చుట కలదు. సేకర్తలు అసలైన మాసిన డయలును కోరుదురు. అద్దమువలె మెరయు మారుడయలును తిరస్కరింతురు. పాత పెట్టె, రసీదు, హామీపత్రము, తీసివేసిన చైను కడ్డీలు అన్నియు వెదకి ఒకచోట చేర్చుడు. ముందు, వెనుక, వరుస సంఖ్య, వీలైనచో లోపలి యంత్రము ఛాయాచిత్రములు తీయించుడు. హైదరాబాదునకు పోయి కనీసము ఇద్దరు ముగ్గురు వర్తకులచేత వెల చెప్పించుడు. ఒక్కని మాటపై ఇయ్యకుడు. చూపించి తెచ్చెదనని అడిగినవానికి రసీదు లేకుండ చేతికీయకుడు. అమ్మినపుడు గడియారపు పేరు, సంఖ్య, ధర, తేదీ వ్రాసి, ఇరువురును సంతకము చేసిన కాగితమును భద్రపరచుకొనుడు.

అంతర్జాలముపై కొనుట నీళ్ళలోని బర్రెను బేరమాడుట వంటిది. చిత్రము ఒకటి, వచ్చు వస్తువు వేరొకటి కావచ్చును. అమ్మువారికి మరియొక వల కలదు. మీకు పైకము పంపుచున్నాను, ఈ క్యూఆర్ గుర్తును స్కాను చేసి మీ పిన్ సంఖ్య వేయుడని ఒకడు చెప్పును. పైకము పుచ్చుకొనుటకు పిన్ సంఖ్య వేయనక్కరలేదు. వేసినచో మన ఖాతానుండి సొమ్ము పోవును. ఇట్టి మోసము జరిగిన వెంటనే 1930 అను సంఖ్యకు ఫోను చేయవలెను.

చట్టపు విషయములు కూడ తెలిసియుండవలెను. దొంగసొత్తని తెలిసియో, నమ్ముటకు కారణముండియో కొనుట భారతీయ న్యాయసంహిత 317వ సెక్షను ప్రకారము నేరము. పదివేల వస్తువును వేయికి ఇచ్చువానిని ప్రశ్నింపవలెను. అడుసు త్రొక్కనేల, కాలు కడుగనేల? విదేశమునుండి వచ్చువారు సుంకములేని పరిమితికి మించిన గడియారమును విమానాశ్రయములో ప్రకటించి సుంకము చెల్లింపవలెను. పరిమితి అప్పుడప్పుడు మారుచుండును. ప్రయాణమునకు ముందు విచారించుకొనుడు. సుంకపు రసీదు తరువాత అమ్మకములో మంచి సాక్ష్యము. 2025 ఏప్రిల్ 22 నుండి పదిలక్షల రూపాయలు మించిన చేతిగడియారముల అమ్మకములో వర్తకుడు నూటికి ఒక రూపాయి చొప్పున ఆదాయపుపన్ను వసూలుచేయు నిబంధన వచ్చినది. కొన్నవారు దానిని తమ పన్ను లెక్కలో జమ చూపుకొనవచ్చును. 2025 అక్టోబరు 1 నుండి అమలునకు వచ్చిన ఒప్పందము ప్రకారము స్విట్జర్లాండు గడియారములపై దిగుమతి సుంకము అంచెలంచెలుగా తగ్గును. కొత్తవాని వెల తగ్గినచో పాతవాని వెలయు కొంత తగ్గుట సహజము. కొనువారును, అమ్మువారును ఈ మార్పును గమనింపవలెను.

అమ్ముట యిష్టము లేనివారికి భద్రపరచు విధము. ఆగిపోయిన క్వార్ట్జ్ గడియారములోని బ్యాటరీని వెంటనే తీయించుడు. కారినచో యంత్రము చెడును. చాబీ గడియారమునకు నెలకొకమారు చాబీ ఇచ్చుడు. అయిదారేండ్లకొకమారు శుభ్రపరచి నూనె వేయింపుడు. నీరు చొరదని వెనుక వ్రాసియున్నను నమ్మకుడు. లోపలి రబ్బరుపట్టీ కాలక్రమమున ఎండిపోవును. పట్టణములో మిగిలిన పాత గడీసాజులకడ ఈ పని చేయింపుడు. కంటికి భూతద్దము తగిలించుకొని కూర్చుండు ఆ పనివారు ఒక్కొక్కరుగా తగ్గిపోవుచున్నారు. వారి కూలికడ గీచిగీచి బేరమాడుట మనకు మేలు కాదు.

చివరగా ఒక్క మాట. తండ్రి గడియారమునకు అంగడిలో రెండువేలే వచ్చునని తెలిసినపుడు కొందరి ముఖము చిన్నబోవును. అంగడివాడు చెప్పినది లోహమునకును, పేరునకును, గిరాకీకిని కట్టిన వెల మాత్రమే. ఎడారిలో గడిపిన యేండ్లకు వెల కట్టు త్రాసు అతనికడ లేదు. ఇంటి అవసరము తీరుటకు ఆ గడియారమును అమ్మవలసి వచ్చినచో సిగ్గుపడనక్కరలేదు. కుటుంబము కొరకే ఆయన దానిని సంపాదించెను. కాని అమ్ముటకు ముందు సరియైన వెలను తెలిసికొనుడు. ఆయన ఏ యేట, ఏ ఊరినుండి, ఏ పని చేసి తెచ్చెనో ఇంటిలోని పెద్దలనడిగి ఒక కాగితముపై వ్రాసి ఉంచుడు. గడియారము చేయి మారినను ఆ కాగితము మీ ఇంటిలోనే యుండును.